కంట్రీ రాక్

కంట్రీ రాక్ అనునది అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లె సంగీతమైన కంట్రీ, నగర యువత ఆదరించిన రాక్ కలయికతో 1960ల చివర రూపొందిన సంగీత రీతి. దీనికి దారి వేసినవారిలో గ్రామ్ పార్సన్స్, క్రిస్ హిల్‌మన్ ముఖ్యులు. (గ్రామ్ అనేది ఇన్‌గ్రామ్ అనే అసలు పేరుకు కుదింపు, మన గ్రామంతో దానికి సంబంధం లేదు.)

నేపథ్యం

ఆ కాలంలో ఈ రెండు సంగీతాల శ్రోతలకు పొసగేది కాదు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ జుట్టు పెంచిన యువకులకు కంట్రీ ఛాందసుల పాట. కంట్రీ అభిమానులకు రాక్ గాయకులు దారి తప్పిన పిల్లలు. 1946లో ఫ్లోరిడాలో సంపన్న కుటుంబంలో జన్మించి, జార్జియాలో పెరిగిన పార్సన్స్ ఈ గోడను అంగీకరించలేదు. హార్వర్డ్‌లో కొద్ది నెలలే చదివి సంగీతంలోకి వచ్చాడు. హిల్‌మన్ రాక్‌లోకి రాకమునుపే మాండొలిన్‌పై బ్లూగ్రాస్ అను పల్లె బాణీలు వాయించినవాడు.

తొలి ప్రయత్నాలు

1968లో పార్సన్స్, హిల్‌మన్ ఉన్న బర్డ్స్ బృందంలో చేరాడు. ఆ ఏడాది వెలువడిన "స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో" ఈ రీతికి తొలి మైలురాళ్ళలో ఒకటి. కంట్రీకి పుట్టినిల్లు వంటి నాష్‌విల్‌లో, గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదికపై వీరు పాడినప్పుడు కొందరు శ్రోతలు గేలి చేశారు. ఆల్బమ్ కూడా అంతగా అమ్ముడుపోలేదు. జాతివివక్ష అమలులో ఉన్న దక్షిణాఫ్రికాలో పాడనని చెప్పి పార్సన్స్ కొద్ది నెలలకే బృందాన్ని వీడాడు.

తరువాత ఇద్దరూ కలసి ఫ్లయింగ్ బురీటో బ్రదర్స్ బృందాన్ని స్థాపించారు. 1969 నాటి వీరి తొలి ఆల్బమ్ "ది గిల్డెడ్ ప్యాలెస్ ఆఫ్ సిన్"లో పీట్ క్లీనో వాయించిన పెడల్ స్టీల్ గిటారు ప్రత్యేకంగా వినదగినది. ఈ వాద్యాన్ని బల్లవలె ఎదుట ఉంచుకొని, తీగలపై లోహపు కడ్డీని జారుస్తూ, కాలితో పెడళ్ళు తొక్కి స్వరం మారుస్తారు. మన గోటువాద్యం విన్నవారికి ఆ జారుడు నాదం మరీ కొత్తగా తోచదు. క్లీనో ఈ పల్లె వాద్యాన్ని రాక్ గిటారు వలె గరగరలాడించాడు. రెండు రీతులు నిజంగా కలసినది ఇక్కడే అనవచ్చు. అయినా ఆ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 164వ స్థానం దాటలేదు.

పార్సన్స్ మరణం, తరువాతి కాలం

1973లో పార్సన్స్ యువ గాయని ఎమిలూ హారిస్‌తో కలసి పాడిన "జీపీ" విడుదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 19న కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ వద్ద, మాదకద్రవ్యం, మద్యం అతిగా తీసుకొని 26 ఏళ్ళకే మరణించాడు. రెండవ ఆల్బమ్ "గ్రీవస్ ఏంజెల్" మరణానంతరం 1974లో వెలువడింది.

బురీటో బృందంలో పనిచేసిన బెర్నీ లీడన్ 1971లో ఈగిల్స్ బృంద స్థాపకులలో ఒకడయ్యాడు. 1976 నాటి ఈగిల్స్ పాటల సంకలనం అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బమ్‌లలో ఒకటి. నాటినది ఒకరు, ఫలము తిన్నది మరొకరు అనిపించినా, ఈగిల్స్ స్వయంగా మంచి పాటగాళ్ళన్నది కూడా నిజమే. 1991లో బర్డ్స్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం లభించినప్పుడు అది హిల్‌మన్ సహా ఐదుగురు తొలి సభ్యులకే దక్కింది; పార్సన్స్ పేరు అందులో లేదు. అతని పాటలను దశాబ్దాలపాటు వేదికలపై పాడుతూ వచ్చిన ఎమిలూ హారిస్‌కు 2008లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు లభించింది.