రజాకార్లు

హైదరాబాద్ సంస్థానంలో మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్‌కు అనుబంధంగా 1930ల చివర స్వచ్ఛంద సేవాదళంగా పుట్టి, 1946 తర్వాత సాయుధ దళంగా మారి, 1948 సెప్టెంబరులో భారత సైన్యం రాకతో అంతమైన సంస్థ సభ్యులే రజాకార్లు. వీరి దాడులు తెలంగాణలోనే కాక, అప్పట్లో సంస్థానంలో భాగమైన మరాఠ్వాడాలోనూ బీదర్, గుల్బర్గా ప్రాంతాల్లోనూ సాగాయి. వీరు మాట్లాడింది ఇస్లాం పేరుతో, వీరిలో అత్యధికులు ముస్లింలు. అయితే ఈ దళం ఎవరిని కొట్టింది, ఎవరికి కాపు కాసింది అని ఊరూరా ఆరా తీస్తే, మతావేశం కన్నా చేజారిపోతున్న రాజ్యాన్ని, దాన్ని అంటిపెట్టుకున్న భూమి హక్కులను, సర్కారు కొలువులను నిలుపుకోవాలన్న ఆత్రమే దీన్ని ఎక్కువగా నడిపించిందని తేలుతుంది.

1724లో మొదలైన అసఫ్ జాహీ నిజాంల పాలన రెండు వందల ఏళ్లకు పైగా మతసంస్థల పెత్తనం లేకుండానే సాగింది. ఇరవయ్యో శతాబ్దంలో పరిస్థితి మారింది. 1941 నాటికి సంస్థానంలో ఒక కోటి అరవై లక్షల పైచిలుకు జనం ఉంటే, వారిలో ముస్లింలు ఎనిమిదో వంతు. తెలుగువారు సుమారు సగం. కానీ రాజభాష ఉర్దూ. పోలీసు, రెవెన్యూ, న్యాయశాఖల్లో పెద్ద కొలువులు ఎక్కువగా ముస్లింల చేతుల్లో ఉండేవి. ఎన్నికలు వస్తే ఈ అమరిక నిలవదన్న సంగతి అందరికీ తెలుసు. 1927లో ఏర్పడిన ఇత్తెహాద్ మొదట్లో ముస్లిం శాఖల ఐక్యత, సంఘసేవ తన పని అని చెప్పుకుంది. 1938లో బహదూర్ యార్ జంగ్ నాయకత్వానికి వచ్చాక అది రాజకీయ శక్తి అయింది. ఆయన ఉర్దూలో సాటిలేని వక్త, సొంత జీవితంలో నిరాడంబరుడు. సార్వభౌమాధికారం నిజాం ఒక్కడిది కాదని, ముస్లిం సముదాయమంతటిదీ అని, నిజాం దానికి ప్రతీక మాత్రమేనని ‘అనల్ మలిక్’ సిద్ధాంతాన్ని ప్రచారం చేశారు. దీంతో జట్కా తోలే పేద ముస్లిం కూడా తానూ పాలకుడినేనని నమ్మగలిగాడు. అదే ఏడాది స్టేట్ కాంగ్రెస్, ఆర్యసమాజం వేర్వేరుగా సత్యాగ్రహాలు మొదలుపెట్టాయి. 1939లో నిజాం ప్రకటించిన సంస్కరణల్లో శాసనసభ సీట్లు హిందువులకు, ముస్లింలకు సమానంగా పంచారు. జనాభా లెక్కతో పొసగని ఈ పంపకం ఇత్తెహాద్ ఒత్తిడి ఫలితమే. 1944లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా మరణించారు.

ఊళ్లలో ఈలోగా వేరే కథ నడుస్తోంది. 1930లో జోగిపేటలో తొలి మహాసభ జరుపుకున్న ఆంధ్ర మహాసభ గ్రంథాలయాలు, మాతృభాషలో చదువు అనే కోరికలతో మొదలై, వెట్టిచాకిరీ రద్దు, కౌలు హక్కుల దాకా వచ్చింది. 1944 భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక కమ్యూనిస్టుల చేతికి వచ్చి, ఊరి నోట ‘సంఘం’ అయింది. దాని ఎదుట నిలిచిన దేశ్‌ముఖ్‌లలో, అంటే పెద్ద భూస్వాముల్లో, పేరుమోసిన వారు ఎక్కువగా హిందువులే. కామారెడ్డిగూడెంలో తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ పక్షంతో కోర్టులో పోరాడి గెలిచిన షేక్ బందగీని 1940లో నరికి చంపారు. 1946 జులై 4న కడవెండిలో అదే విసునూరు దొర మనుషులు ఊరేగింపు మీద కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. చంపించిన దొర హిందువు. చచ్చినవారిలో ఒకరు ముస్లిం, ఒకరు కురుమ. రజాకార్లు ఊళ్లమీదికి రాకముందే తగాదా గీత ఎక్కడ పడిందో ఈ రెండు హత్యలు చెబుతాయి.

1946లో లాతూరు వకీలు, అలీగఢ్‌లో చదివిన కాసిం రజ్వీ ఇత్తెహాద్ అధ్యక్షుడయ్యాడు. బహదూర్ యార్ జంగ్‌కున్న లోతు రజ్వీకి లేదు, ఆవేశం మాత్రం అంతకు రెట్టింపు. ఎర్రకోట మీద అసఫ్ జాహీ జెండా ఎగరేస్తామనే ధోరణి అతనిది. 1947 జూన్‌లో నిజాం తాను ఇటు ఇండియాలోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరనని ప్రకటించాక రజాకార్ల సంఖ్య వేగంగా పెరిగింది. చివరి రోజుల్లో తాము రెండు లక్షలమందిమని చెప్పుకునేవారు. చాలామంది చేతిలో ఉన్నది బల్లెం, కత్తి, నాటు తుపాకి. 1947 అక్టోబరు చివర, భారత్‌తో యథాతథ ఒప్పందం కోసం ప్రతినిధివర్గం ఢిల్లీ బయల్దేరాల్సిన తెల్లవారుజామున, రజ్వీ మనుషులు ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, నిజాం న్యాయసలహాదారు మాంక్టన్‌ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది, ఛత్తారీ తప్పుకున్నారు. నవంబరు 29న ఒప్పందంపై సంతకాలు జరిగినా, కొత్త ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం మీద రజ్వీ పట్టు బిగిసింది. భారత కరెన్సీ చెలామణిపై ఆంక్షలు, పాకిస్తాన్‌కు ఇరవై కోట్ల రూపాయల రుణం, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో దించిన ఆయుధాలు ఢిల్లీ ఓపికను హరించాయి.

గ్రామాల్లో రజాకార్లు ఒంటరిగా కన్నా పోలీసులతో కలిసి వచ్చిందే ఎక్కువ. సంఘం పట్టున్న ఊరిని తెల్లవారకముందే చుట్టుముట్టడం, ధాన్యం, పశువులు, నగలు దోచుకోవడం, ఇళ్లకు నిప్పుపెట్టడం వారి పద్ధతి. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లి దీనికి నిలువెత్తు సాక్ష్యం. ఆ ఊరివాళ్లు నడుమనున్న ఎత్తైన బురుజును కోటగా చేసుకుని, పైన కాపలా పెట్టి, నగారా మోగితే ఊరంతా పోగయ్యేలా ఏర్పాటు చేసుకున్నారు. వడిసెలలు, నాటు తుపాకులతో తొలి దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27 వేకువన పోలీసులు, రజాకార్లు పెద్ద బలగంతో వచ్చి బురుజును కూల్చే ఆయుధాలు ప్రయోగించారు. పట్టుబడ్డవారిని వరసగా నిలబెట్టి కాల్చారు. తొంభై మందికి పైగా చనిపోయారు. ఆడవాళ్లపై అత్యాచారాలు జరిగాయి. ఇలాంటి ఊళ్ల నుంచి వేలమంది కట్టుబట్టలతో సరిహద్దు దాటి బెజవాడ వైపు, అటు షోలాపూర్, బార్షీ వైపు వెళ్లారు.

ఇంత జరిగాక దీన్ని మతోన్మాదం కాదనడం ఎలా అన్న ప్రశ్న న్యాయమైనదే. బాధితుల్లో అత్యధికులు హిందువులు, నినాదాలు మతపరమైనవి, గుళ్లూ దాడులకు గురయ్యాయి. ఇందులో దేన్నీ కాదనలేం. ఆ భాషే లేకపోతే పట్నపు పేద ముస్లిం యువకుడు బల్లెం పట్టి పల్లెకు వచ్చేవాడు కాదు. కానీ మతం మనుషులను పోగుచేసిందని ఒప్పుకోవడం వేరు, గురి కూడా మతమే చూపించిందనడం వేరు. లాయక్ అలీ మంత్రివర్గంలో పింగళి వెంకటరమణారెడ్డి ఉపప్రధాని, దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు మంత్రి. మరో దళిత నాయకుడు శ్యాంసుందర్ హైదరాబాద్ తరఫున ఐక్యరాజ్యసమితికి వెళ్లిన బృందంలో ఉన్నారు. గడీలు వదిలి పట్నం చేరిన దొరలు పలువురు పోలీసు, రజాకారు బలగాల వెంట ఊళ్లకు తిరిగొచ్చారు. అటువైపు, ‘ఇమ్రోజ్’ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత్‌లో విలీనాన్ని సమర్థిస్తూ, రజాకార్లను తెగనాడుతూ రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఇంటికి వెళ్తుండగా ఆయనను కాల్చి, రాసిన చేతిని నరికారు. ఇరవై ఎనిమిదేళ్లైనా దాటని ఆ యువకుడి ధైర్యం తెలుగు నేల మీద పత్రికారచనకు గర్వకారణం. కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ కమ్యూనిస్టుల పక్షాన నిలిచారు. రాజ్యానికి అండగా ఉన్నవాడు హిందువైనా మిత్రుడు, ఎదురు తిరిగినవాడు ముస్లిం అయినా శత్రువు.

మరో అభ్యంతరం ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఇదంతా భూమి పోరాటమే అయితే, సంఘం బలంగా లేని మరాఠ్వాడాలో రజాకార్లు అంత దౌర్జన్యం ఎందుకు చేశారు? పైగా 1948 మేలో నిజాం ప్రభుత్వమే కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఎత్తేసింది కదా? ఈ అభ్యంతరంలో బలముంది. భూమి ఒక్కటే కారణమనే వాదన దీని ముందు నిలవదు. అందుకే పైన రాజ్యాన్ని ముందు పెట్టి, భూమిని తర్వాత చెప్పవలసి వచ్చింది. మరాఠ్వాడా సరిహద్దు వెంట స్టేట్ కాంగ్రెస్ క్యాంపులు ఉండేవి. అక్కడి నుంచి కార్యకర్తలు చొరబడి నాకాలను, ఠాణాలను కొట్టేవారు. రజాకార్లకు అక్కడ ఎదురైన ప్రమాదం విలీనం, నల్లగొండ, వరంగల్‌లలో సంఘం. నిషేధం ఎత్తివేత ఢిల్లీకి వ్యతిరేకంగా ఎవరి తోడైనా సరే అనుకున్న రోజుల ఎత్తుగడ. అది ఊళ్లలో దాడులను ఆపలేదని భైరాన్‌పల్లే చెబుతుంది.

సెప్టెంబరు 13న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి నాయకత్వంలో షోలాపూర్ వైపు నుంచి ప్రధాన బలగం, బెజవాడ వైపు నుంచి మరో బలగం కదిలాయి. ‘పోలీసు చర్య’ అన్న పేరున్నా అది ట్యాంకులు, విమానాలతో నడిచిన యుద్ధమే. 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురి ఎదుట లొంగిపోయాడు. ట్యాంకులకు కత్తులతో ఎదురు వెళ్లిన రజాకార్లు చాలామంది చనిపోయారు. ఆ తర్వాత జరిగిన ప్రతీకారం మన పుస్తకాల్లో చాలాకాలం ఒక వాక్యానికి మించలేదు. నెహ్రూ పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం కనిష్ఠంగా 27,000 నుంచి 40,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. వారిలో అత్యధికులు ముస్లింలు, రజాకార్లతో ఏ సంబంధమూ లేనివారు. అన్నిటికన్నా దెబ్బతిన్న జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. ఈ నాలుగూ తెలుగు జిల్లాలు కావు. ముస్లిం కూలీలు, హిందూ కూలీలు ఒకే సంఘంలో తిరిగిన నల్లగొండ, వరంగల్ ఊళ్లలో ప్రతీకారం తక్కువగా ఉండడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఆ నివేదిక 2013 దాకా ప్రజలకు అందుబాటులోకి రాలేదు.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. దొరలు మాత్రం చాలా చోట్ల ఖద్దరు కట్టి తిరిగొచ్చారు. భూమి కోసం పోరాటం ఈసారి భారత సైన్యం మీద, 1951 అక్టోబరు దాకా సాగింది. ఉర్దూ చదువు, సర్కారు నౌకరీ ఆధారంగా బతికిన ముస్లిం మధ్యతరగతి కుంగిపోయింది, చాలా కుటుంబాలు పాకిస్తాన్‌కు తరలిపోయాయి. బీబీనగర్ దోపిడీ కేసులో శిక్ష పడిన కాసిం రజ్వీ 1957లో విడుదలై, ఇత్తెహాద్ పగ్గాలను అబ్దుల్ వాహిద్ ఒవైసీకి అప్పగించి పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1970లో అక్కడే మరణించాడు.