ఆ గొంతు గిటారుదా, డబ్బాదా?

మొన్న దసరాకి మా ఊరు లింగాల ఘనపూర్ వెళ్తూ గిటారు కూడా వెంట పట్టుకెళ్ళాను. స్ట్రాటోకాస్టర్ నమూనాలో చేసిన చవక రకం ఎలక్ట్రిక్ గిటారు, దానికో చిన్న యాంప్. సెలవుల్లో బాగా ప్రాక్టీస్ చేద్దామని నా ఆశ. (చేశానా లేదా అని అడక్కండి.) ప్లగ్గు పెట్టానో లేదో, ఇంకా తీగ ముట్టుకోనే లేదు, యాంప్‌లోంచి "జుమ్మ్..." అని ఒకటే రొద. అరుగు మీద కూర్చున్న మా తాత అటు తిరిగి, "ఏందిరా అది, నువ్వు ముట్టకముందే మోగుతాంది? ఆ గొంతు గిటారుదా, డబ్బాదా?" అన్నాడు.

అప్పటికి నవ్వేసి ఊరుకున్నా గానీ, ఆ ప్రశ్న హైదరాబాద్ దాకా నాతోనే వచ్చింది. మా తాతకి పాట తెలీదనుకోకండి. ఒగ్గు కథకి పెద్ద పేరు తెచ్చిన చుక్క సత్తయ్య గారి (2017లో పోయారు) మాణిక్యాపురం మా మండలంలోదే. డోలు, తాళాల మోతని దాటుకుని వచ్చే మనిషి గొంతు విని పెరిగిన చెవులు మా తాతవి. ఆయన లెక్కలో పాటంటే గొంతు. మధ్యలో కరెంటుకేం పని?

ముందు ఆ రొద సంగతి చూద్దాం. గిటారు తీగల కింద ఉండే పికప్ అంటే పెద్ద మాయేమీ కాదు. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగితీగ. పైన స్టీలు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో చిన్న వోల్టేజి పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్ పాఠమే. కానీ ఆ చుట్టకి తీగ ఊగడానికీ, గోడలోని కరెంటు వైరుకీ తేడా తెలీదు. మన లైన్లలో కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కదా, దాన్ని కూడా వినిపించేస్తుంది. మా తాత విన్నది గిటారుని కాదు, కరెంటోళ్ళ లైన్‌ని :-)

అసలు ఎలక్ట్రిక్ గిటారు ఎందుకు పుట్టిందో చూస్తే విషయం తేటపడుతుంది. బాకాలు, డ్రమ్ములు ఉన్న పెద్ద బ్యాండ్లలో గిటారు ఎవరికీ వినపడేది కాదు. ఆ బాధ తీర్చడానికి అమెరికాలో జార్జ్ బీచమ్, రికెన్‌బ్యాకర్ కలిసి 1932లో పికప్ ఉన్న హవాయి గిటారుని అమ్మకానికి తెచ్చారు. పెనంలా ఉంటుందని దానికి 'ఫ్రయింగ్ పాన్' అని పేరు పడింది. అంటే మొదట కావలసింది కేవలం చప్పుడే. ప్రత్యేకమైన గొంతు కావాలని ఎవరూ అనుకోలేదు.

గొంతుల తేడా తర్వాత మొదలయింది. లియో ఫెండర్ 1950లో గట్టి చెక్కతో చేసి అమ్మిన గిటారుకి 1951లో టెలికాస్టర్ అన్న పేరు స్థిరపడింది. 1954లో మూడు పికప్‌లతో స్ట్రాటోకాస్టర్ వచ్చింది. రెండింటిలోనూ ఒక్కో పికప్‌కి ఒక్కటే చుట్ట. టెలికాస్టర్‌లో బ్రిడ్జి దగ్గరి పికప్ వింటే గిల్లినట్టు పదునుగా ఉంటుంది. స్ట్రాటోకాస్టర్‌లో మెడ దగ్గరి పికప్‌కి మారితే గుండ్రంగా, గంటలా ఉంటుంది. తీగ అదే, వాయించే వేలూ అదే. తీగ బ్రిడ్జి దగ్గర తక్కువ ఊగుతుంది, అక్కడ సన్నటి పై స్వరాల పాలు ఎక్కువ. ఎక్కడ విన్నావన్న దాన్ని బట్టే గొంతు మారిపోతుందన్నమాట.

ఇక గిబ్సన్ వాళ్ళ లెస్ పాల్. 1952లో వచ్చినప్పుడు దానిదీ ఒక చుట్ట పికప్పే, అదీ రొద పెట్టేది. ఆ కంపెనీ ఇంజనీరు సెత్ లవర్ ఒక తెలివైన పని చేశాడు. రెండు చుట్టల్ని పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని రెండోదానికి తిరగేసి కలిపాడు, అయస్కాంతాన్నీ తిప్పేశాడు. బయటి రొద రెండు చుట్టల్లో ఎదురెదురుగా వచ్చి రద్దయిపోతుంది, తీగ శబ్దం మాత్రం కలుస్తుంది. అదే హంబకర్. 1957 నుంచీ లెస్ పాల్‌లో పెట్టారు. కానీ రెండు చుట్టలూ తీగని రెండు చోట్ల వింటాయి కాబట్టి సన్నటి పై స్వరాలు కొన్ని కూడా పోతాయి. శబ్దం బెల్లం పాకంలా చిక్కబడింది. మిగతా గిటారంతా దాదాపు అదే, అయినా 1952 నాటి లెస్ పాల్, 1957 నాటి లెస్ పాల్ వేరే గొంతులు. రొద పోగొట్టడానికి చేసిన రిపేరు కొత్త గొంతుని పుట్టించింది. మన ప్రోగ్రాముల్లో ఒక బగ్ సరిచేయబోతే ఇంకోటేదో మారిపోతుందే, అలా. ఇక్కడ మాత్రం ఆ మారిందే జనానికి నచ్చింది.

ఇదంతా అమెరికా గొడవ, మనకేంటి అంటారా? మనకీ ఉంది కథ. అది గిటారుది కాదు, దాని చిన్న చెల్లెలు మాండలిన్‌ది.

మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా. జతలు ఎందుకంటే, మళ్ళీ చప్పుడు కోసమే. పొట్టి తీగ త్వరగా చల్లారిపోతుంది, అందుకే పాశ్చాత్యులు దాన్ని గబగబా మీటుతూ స్వరాన్ని నిలబెడతారు. మన సంగీతానికి అది సరిపోదు. ఒక్కసారి మీటి, ఆ స్వరాన్ని లాగి, ఊపి, జార్చితేనే గమకం. జత తీగల్ని కలిపి లాగితే రెండూ ఒక్కలాగే పలకడం కష్టం, గమకం మధ్యలోనే శబ్దం చచ్చిపోతుంది.

1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారి మాండలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రం మనిషి. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని వాయిద్యం మీద పలికించేవాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క ఇదే. ఆ మాండలిన్ ఇంకో మాండలిన్‌ని చూసి నేర్చుకోలేదు, మనిషి గొంతుని విని నేర్చుకుంది.

గొంతుని అనుసరించాలంటే పాత వాయిద్యం చాలలేదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌కి మారాడు, జతల్ని తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, కింది స్థాయి కోసం అయిదో తీగ చేర్చాడు. ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ అన్నది ఈయన కనిపెట్టింది కాదు, ఫెండర్ 1956లోనే నాలుగు తీగలది తెచ్చాడు. కానీ ఆ తీగల మీద గమకం పలికించిన ఘనత పాలకొల్లుదే. గట్టి చెక్క తీగ శక్తిని తొందరగా మింగేయదు. చల్లారిపోతున్న స్వరాన్ని యాంప్ పైకెత్తి వినిపిస్తుంది. చప్పుడు కోసం వచ్చిన కరెంటు ఇక్కడ ఊపిరి కోసం పనికొచ్చింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ, 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో పన్నెండేళ్ళ వయసులో కచేరీ. విదేశీ వాయిద్యం, పైగా కరెంటుది, ఇది కర్ణాటక సంగీతమా అని పెదవి విరిచినవాళ్ళు లేకపోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ని తెచ్చుకున్న సంగతి మర్చిపోయినట్టున్నారు. 1998లో పద్మశ్రీ ఇచ్చారు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు పక్కనే కూర్చుని 'రిమెంబర్ శక్తి'లో వాయించాడు. 2014 సెప్టెంబరులో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు.

ఇంతకీ నాకు అర్థమయ్యిందేంటంటే, ఏ రకం గొప్పది, ఏ చెక్క మంచిది అని మనం కొట్టుకునే వాదనల్లో సగం అనవసరం. చెక్క, చుట్ట, యాంప్ అన్నీ గొంతుని మారుస్తాయి, కాదనను. కానీ ఆ గొంతుతో ఏం పలకాలో వాయించేవాడి చెవిలో ముందే ఉండాలి. నా గిటారు రొదలో లోపం సగం చుట్టది, సగం నాది.

దీపావళికి మళ్ళీ ఊరెళ్ళినప్పుడు గిటారు తీసుకెళ్ళలేదు. ఫోన్‌లో శ్రీనివాస్ ఆలాపన పెట్టి తాత చేతిలో పెట్టాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇది గూడ కరెంటుదేనా?"

"అవును తాతా."

"మరి జుమ్మంటలేదేంది?" అన్నాడు. కాసేపాగి, "ఇంకోటి పెట్టురా" అన్నాడు.