తాలు ఏరే కళ్ళతో ఖర్చును చూద్దాం



పొదుపు ఎంత, అప్పులు ఎంత, వసూలు ఎంత అనే లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఇక్కడ లెక్కల్లోకి రాని సంగతి ఒకటి రాస్తున్నాం. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో మన ప్రాంతం వాళ్ళు ఏం వదులుకున్నారు, ఏం నిలబెట్టుకున్నారు అన్నదే ఆ సంగతి. 2025లో మిర్చి ధర పడిపోయినప్పుడు ఏ సంఘం మీటింగులో కూర్చున్నా ఒకటే మాట వినపడింది: "ఖర్చులు తగ్గించుకోవాలి." ఏ ఖర్చు, ఎవరు, ఎట్లా అంటే మాత్రం అందరం తలలు దించుకున్నాం. మనకంటే ముందువాళ్ళు ఈ ప్రశ్నకు ఏం జవాబు చెప్పారో ఒకసారి చూద్దాం.

ముందు మన నేల సంగతి. మనది నల్లరేగడి. వెనకటి రోజుల్లో జొన్న, సజ్జ, కంది ఇంట్లోనే ఉండేవి. డబ్బు లేకపోయినా సంకటి ఉండేది. 1967లో నాగార్జున సాగర్ నీళ్ళు వదిలాక, తర్వాత సంకర పత్తి విత్తనాలు వచ్చాక, పత్తీ మిర్చీ పెరిగాయి. ఈ రెండూ కడుపు నింపే పంటలు కావు, అమ్ముకునే పంటలు. అమ్మితేనే బియ్యం, అమ్మితేనే పప్పు, అమ్మితేనే నూనె. అంటే ధర బాగున్న ఏడు బంగారం, టీవీ, బండి అన్నీ ఇంటికొస్తాయి. ధర లేని ఏడు ఉప్పు కూడా అప్పే. మనం కొనుక్కు తినేవాళ్ళం అయింది ఇట్లాగే, ఆశకు పోయి కాదు.

ఇప్పుడు చీరాల కథ. అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. చీరాల, పేరాల ఊళ్ళను ప్రభుత్వం మున్సిపాలిటీ చేసేసరికి పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. అక్కడ ఎక్కువమంది నేతపని వాళ్ళు, అంత పన్ను కట్టే స్తోమత లేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద వేలమంది ఇళ్ళు వదిలి, మున్సిపాలిటీ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని సుమారు 11 నెలలు ఉన్నారు. ఎండలో, వానలో, చంటిపిల్లలతో ఆ పాకల్లో వంట చేసింది ఆడవాళ్ళే. చివరికి గోపాలకృష్ణయ్య గారిని జైల్లో పెట్టారు, జనం తిరిగి రావాల్సి వచ్చింది. కానీ మనం చూడాల్సింది ఒకటుంది. పెంకుటిల్లు వదిలి పాకలో ఉన్నందుకు రామనగర్‌లో ఎవరూ సిగ్గుపడలేదు. ఎందుకంటే పక్కవాళ్ళదీ పాకే. ఒక్క ఇల్లు పాకలోకి వెళితే అది పేదరికం. ఊరంతా వెళితే అది పౌరుషం.

రెండో కథ దీనికి ఎదురు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ కమ్మేసింది. అంతకుముందు కొన్నేళ్ళుగా కొత్త రకం పురుగుమందులు ఎడాపెడా కొట్టడంతో, దోమను తినే మంచి పురుగులు చచ్చిపోయాయి. దోమ మాత్రం మందుకు అలవాటు పడింది. మందు కొట్టిన కొద్దీ దోమ పెరిగింది, దోమ పెరిగిన కొద్దీ మందు కొన్నారు. మందు అప్పు మీద ఇచ్చేదీ కొట్టువాళ్ళే, ఏది కొట్టాలో చెప్పేదీ వాళ్ళే. పక్క చేను వాడు నాలుగుసార్లు కొట్టాడంటే మనం ఐదుసార్లు కొట్టకపోతే ఎట్లా అనే భయం. ఆ ఏడు పత్తి పోయింది, అప్పు మిగిలింది, చాలామంది రైతులు ఆత్మహత్య చేసుకున్నారు. ఎవరి చేనుకి వాళ్ళు, ఎవరి అప్పుకి వాళ్ళు, ఎవరి సిగ్గుకి వాళ్ళు. నలుగురికీ చెప్పుకోలేకపోవడమే ప్రాణం తీసింది. ఆ ఇళ్ళల్లో అప్పు తీర్చే భారం ఆ తర్వాత ఎవరి మీద పడిందో మనకు తెలుసు.

మూడోది మన సంఘాల పుట్టుక. ప్రకాశానికి పక్క జిల్లా నెల్లూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి అక్కడినుంచే మనవైపు వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత బడిలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా అడ్డం నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరా సారా పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అంతకుముందు కూడా ప్రతి ఇంట్లో ఇల్లాలు మొగుడితో పోట్లాడుతూనే ఉంది. ఒక్కతే అడిగితే తన్నులు తినింది. ఊరి ఆడవాళ్ళందరూ కలిసి అడిగితే సారా బండి వెనక్కి తిరిగింది.

అక్కడితో ఆగలేదు. సారాకి పోయే డబ్బు మిగిలింది కదా, దాన్ని ఏం చేయాలి అన్నారు. రోజుకి ఒక రూపాయి దాచారు. అదే పొదుపులక్ష్మి. డ్వాక్రా పథకం 1982 నుంచే ఉన్నా, మన రాష్ట్రంలో ఊరూరా సంఘాలు పాతుకుపోయింది ఆ ఊపులోనే. మన సంఘానికి మొదటి పెట్టుబడి ఎవరో ఇచ్చిన డబ్బు కాదు, ఖర్చు పెట్టకుండా ఆపిన డబ్బు. ఈ ఒక్క మాట ప్రతి తీర్మానాల పుస్తకం మొదటి పేజీలో రాసుకోవాలి.

నాలుగోది మన కళ్ళ ముందే జరిగింది. 2000 తర్వాత ప్రైవేటు అప్పుల కంపెనీలు పల్లెల్లోకి వచ్చాయి. వారం వారం కిస్తీ. సంఘంలో ఒకరికొకరు హామీ ఉండే పద్ధతినే వాళ్ళు వాడుకున్నారు. కాకపోతే మన సంఘంలో ముందు పొదుపు, తర్వాత అప్పు. వాళ్ళ దగ్గర పొదుపు లేదు, అప్పు ఒక్కటే. ఒక కంపెనీ కిస్తీ కట్టడానికి ఇంకో కంపెనీలో అప్పు, సాటి సంఘం వాళ్ళకి తెలియకుండా. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు ఆ ఆఫీసులు మూయించారు. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అసలుని మించి వడ్డీ తీసుకోకూడదని అందులో ఉంది. చాటుగా తీసుకున్న అప్పు చాటుగానే చంపుతుందని అప్పుడు ఊరూరా తెలిసింది.

ఈ నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. చీరాలలో, దూబగుంటలో ఊరు కలిసి వదులుకుంది. పరువు పెరిగింది. తెల్లదోమ ఏడు, కిస్తీల రోజుల్లో ఎవరికి వాళ్ళు దాచుకున్నారు. మనుషులే పోయారు. ఖర్చు తగ్గించడం ఒక్క ఇంటి వల్ల అయ్యే పని కాదు.

ఇప్పటి సంగతికి వద్దాం. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు కట్టింది. దానికి రెండేళ్ళ ముందు 20,000 దాటిన ధర చూశాం. ఓణీల ఫంక్షన్‌కి 2 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చామనుకోండి. నెలకి 4,000, ఏడాదికి 48,000 వడ్డీ. 20,000 ధర ఉన్నప్పుడు రెండున్నర క్వింటాళ్ళు కూడా అక్కర్లేదు. 11,781 ధరకి నాలుగు క్వింటాళ్ళు అమ్మినా చాలదు. అసలు అట్లాగే ఉంటుంది. కౌలు చేనైతే ముందు కౌలు కట్టాలి, కోత కూలి ఇవ్వాలి, ఆ తర్వాతే ఈ వడ్డీ.

అయితే ఫంక్షన్లు మానేద్దామా? అట్లా అనడం లేదు. కల్లంలో మనం చేసే పని గుర్తు చేసుకోండి. ఎర్ర కాయ ఒకవైపు, తాలు కాయ ఒకవైపు. తాలు కూడా పారేయం, దాని ధరకి దాన్ని అమ్ముతాం. తాలుకి మేలు కాయ ధర పెట్టి కొనేవాడు మాత్రం ఉండడు. ఖర్చులు కూడా అంతే. పిల్లకి ఓణీ కట్టడం, నలుగురికి అన్నం పెట్టడం అవసరమే. ఫ్లెక్సీ, డీజే, ముప్పై రకాల వంటలు తాలు. చదివింపులు కూడా మొదట్లో చేయూతే. ఒక ఇంటి పెళ్ళికి ఊరు తలా కాస్త వేసేది, పుస్తకంలో రాసుకునేది, వాళ్ళింట్లో శుభకార్యం వస్తే మనం తిరిగి వేసేవాళ్ళం. ఇప్పుడు ఆ పుస్తకం చూసి, వేసిన డబ్బు రాబట్టుకోవడానికే ఫంక్షన్ చేసే రోజులొచ్చాయి.

ఇంకో మాట. మనం కూర్చుని తాలు ఏరకపోతే, ఏరుడు ఆగదు, చాటుగా జరుగుతుంది. ఫంక్షన్ తగ్గదు గానీ ఇల్లాలి కంచంలో గుడ్డు తగ్గుతుంది. బండి కిస్తీ ఆగదు గానీ ఆడపిల్ల ఇంటర్ ఫీజు ఆగుతుంది. నడుం నొప్పికి ఆసుపత్రికి వెళ్ళడం వచ్చే నెలకి వాయిదా పడుతుంది. ఏ తీర్మానమూ లేకుండా, ఎవరూ చెప్పకుండా జరిగే కోత ఇది. మేలు కాయ పారేసి తాలు దాచుకున్నట్టు.

అందుకని గ్రామ సంఘాలు ఈ మూడు విషయాలు చర్చకు పెట్టాలని కోరుతున్నాం.

ఒకటి, ఫంక్షన్ ఖర్చుకి ఊరంతటికీ ఒక హద్దు అనుకోవాలి. దాన్ని మొదట పాటించాల్సింది స్తోమత ఉన్న ఇళ్ళు, సంఘం లీడర్లు. లేనివాళ్ళు మొదలుపెడితే "లేక చేశారు" అంటారు. ఉన్నవాళ్ళు మొదలుపెడితే అదే పద్ధతి అవుతుంది.

రెండు, బయట తెచ్చిన అప్పు ఎంత ఉన్నా సంఘంలో చెప్పుకోవాలి. చెప్పిన వాళ్ళని ఎవరూ చులకన చేయకూడదు. ఆ మాట గడప దాటకూడదు.

మూడు, చదువు, తిండి, వైద్యం కోసం అడిగిన అంతర్గత అప్పుని ముందు వరసలో పెట్టాలి.

వచ్చే మహాసభకి ఏ గ్రామ సంఘం ఏం తీర్మానించుకుందో రాసుకుని రండి. ధర మన చేతుల్లో లేదు, అది యార్డులో తేలుతుంది. దేనికి ఎంత విలువ ఇవ్వాలన్నది మాత్రం మన చాప మీద, మనం కూర్చుని తేల్చుకోవాల్సిందే.