పని ఆపమనే అధికారం ఎవరిది?

మెల్బోర్న్ పడమటి శివార్లలో మనవాళ్ళు చాలామంది స్థలాలు కొని ఇళ్ళు కట్టుకుంటున్నారు. సైటు ఇంజనీరుని కనుక నన్ను తరచు అడుగుతుంటారు: "తవ్వకంలో మూలవాసుల రాతి పనిముట్లు బయటపడితే పని ఎవరు ఆపుతారండీ?"

దీనికి ఆధారం విక్టోరియా రాష్ట్రం 2006లో చేసిన అబోరిజినల్ వారసత్వ చట్టం. మొదట అందులో ఇన్‌స్పెక్టర్లు ఉండేవారు. 2016 సవరణతో వారి స్థానంలో అధీకృత అధికారులు, అబోరిజినల్ వారసత్వ అధికారులు వచ్చారు. ఇద్దరినీ నియమించేది మంత్రే. అయితే రెండో రకంవారు ఆ ప్రాంతానికి గుర్తింపు పొందిన మూలవాసుల సంస్థలో ఉద్యోగులై ఉండాలి, శిక్షణ పూర్తిచేయాలి. నా దృష్టిలో అసలు మార్పు ఇదే. వీరు 24 గంటలపాటు పని ఆపించగలరు. ఒక్కరోజేగా అనుకోకండి, కాంక్రీటు లారీ గేటు దగ్గర నిలబడ్డప్పుడు తెలుస్తుంది!

అలాగని ఇష్టారాజ్యం కాదు. ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపాలి. కాపురమున్న ఇంట్లోకి ఇంటివారు ఒప్పుకోకుండా రాకూడదు. వారి తీరు నచ్చకపోతే ఎవరైనా శాఖ కార్యదర్శికి ఫిర్యాదు చేయవచ్చు. విచారించి రాతపూర్వకంగా జవాబివ్వడం కార్యదర్శి బాధ్యత.

చట్టమే అనుమతిస్తే మాత్రం ఏ అధికారీ ఏమీ చేయలేడు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 46,000 ఏళ్ళ క్రితమే మనుషులు మసలిన జూకన్ గుహలను రియో టింటో కంపెనీ 2020 మేలో పేల్చివేసింది, అక్కడి 1972 చట్టం కింద అనుమతి తీసుకునే.

ఇక మన సంగతి. ఒకటి రెండు ఇళ్ళకు సాధారణంగా ముందస్తు వారసత్వ ప్రణాళిక అక్కర్లేదు. కానీ వస్తువు దొరికితే ప్రభుత్వానికి తెలపాలి. తెలిసి పాడుచేస్తే నేరం.