సఖ్య ఋణం



మహాలయ పక్షంలో మనం పితృదేవతలకు తిలోదకాలు విడుస్తాము. తండ్రి, తాత, ముత్తాతలతోనూ, మాతృవర్గంతోనూ ఆ తర్పణం ముగియదు. గురువును, ఆచార్యుని, స్నేహితుని కూడా తలచి నీరు విడవమని పెద్దలు విధించారు. రక్తసంబంధం లేని సఖునికి సైతం మనం ఋణపడి ఉంటామన్నది ఇందులోని అంతరార్థం. అయితే ఇద్దరు కలిసి ఒక మహాకార్యానికి పూనుకొని, అది సాగుతుండగా ఒకరు కాలధర్మం చెందితే, మిగిలినవారు ఆ ఋణాన్ని ఏ విధంగా తీర్చుకోవాలి? తిలోదకం ఒక్కటే చాలునా? ఈ ప్రశ్నకు ఒక మహనీయుడు ముప్పది సంవత్సరాలు తన ఆచరణతోనే సమాధానం చెప్పారు. ఆయనే చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు.

నిజాంపట్నం, రేపల్లె, బాపట్ల, తెనాలి ప్రాంతాల వారికి తిరుపతి వేంకటకవుల పేరు కొత్తది కాదు. తిరునాళ్ళలోనూ, శ్రీరామనవమి పందిళ్ళలోనూ తెల్లవార్లూ సాగిన పాండవోద్యోగ విజయాలు మన పెద్దలకు భారతకథను కంఠస్థం చేయించాయి. అక్షరజ్ఞానం లేనివారు సైతం శ్రీకృష్ణ రాయబారం పద్యాలను రాగయుక్తంగా పాడుకొనేవారు. దుర్యోధన పాత్రలో మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, శ్రీకృష్ణ పాత్రలో కల్యాణం రఘురామయ్యగారు ఈ తెనాలి సీమ నుండి వెళ్ళి ఆంధ్రదేశమంతటా కీర్తి గడించారు. ఇంతగా మన నోళ్ళలో నానిన ఆ కవినామం ఒక్కరిది కాదు, ఇద్దరిది.

వేంకటశాస్త్రిగారు 1870లో కడియంలో జన్మించారు. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1872లో యండగండిలో జన్మించారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శుశ్రూషలో ఇరువురూ సహాధ్యాయులైనారు. గురుకులంలో మొదలైన ఆ స్నేహం శతావధాన సభలలో జంటకవిత్వంగా పరిణమించింది. ఒకరు ఎత్తుకొన్న పద్యాన్ని రెండవవారు అందుకొని పూర్తిచేయగల సామరస్యం వారిది. సంస్కృతాంధ్రాలలో తమను జయించినవారు ఉంటే మీసాలు తీసివేస్తామని, పండితులై ఉండి మీసాలు పెంచి సభలను సవాలు చేసిన ధీశాలురు వారు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి వంటి సంస్థానాలలో సన్మానాలు పొందారు. దేవీభాగవతాన్ని తెనిగించారు. బుద్ధచరిత్ర, శ్రవణానందం వంటి కావ్యాలనూ, భారతకథతో నాటకాలనూ రచించారు. ఆ ఉమ్మడి నామంలో వయస్సున చిన్నవారైన తిరుపతిశాస్త్రిగారి పేరే ముందు నిలిచింది. పెద్దవారైన వేంకటశాస్త్రిగారు తమ పేరును వెనుక ఉంచుకొన్నారు.

తరువాత జీవనోపాధి వారిని వేర్వేరు ఊళ్ళకు పంపింది. వేంకటశాస్త్రిగారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులైనారు. తిరుపతిశాస్త్రిగారు పోలవరం జమీందారుగారి ఆదరణలో కాకినాడ చేరి, 'సరస్వతి' పత్రిక బాధ్యతలు స్వీకరించారు. ఊళ్ళు వేరైనా కవిత్వం వేరు పడలేదు. కానీ 1920 నవంబరులో తిరుపతిశాస్త్రిగారు మధుమేహ వ్యాధితో పరమపదించారు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఎనిమిది మాత్రమే. వేంకటశాస్త్రిగారు యాభయ్యవ ఏట ఒంటరివారైనారు.

ఆనాడు వారి ముందు మూడు మార్గాలున్నాయి. కలం కట్టిపెట్టవచ్చు. అలా చేసినా లోకం తప్పుపట్టేది కాదు. లేదా ఆనాటి నుండి తమ ఒక్కరి పేరుతోనే రచనలు సాగించవచ్చు. అదీ న్యాయమే. వారు ఈ రెండూ కాక మూడవ మార్గాన్ని ఎన్నుకొన్నారు. తరువాతి ముప్పదేళ్ళూ తమ కృతులను తిరుపతి వేంకటకవుల పేరుతోనే ప్రకటిస్తూ వచ్చారు.

ఇక్కడ ఒక సందేహం కలగడం సహజం. తాను చూడని పద్యానికి, తాను వినని పాదానికి, కీర్తిశేషుడైన మనిషి కర్త ఎట్లా అవుతాడు? ఇది సత్యానికి విరుద్ధం కాదా? పద్యాన్ని కాగితం మీద పెట్టిన చేతిని మాత్రమే కర్త అనుకొంటే ఈ ఆక్షేపణ సరియైనదే. కాని ఆ చేతికి నడక నేర్పినది ఏది? యౌవనం నుండి కలిసి చేసిన సాధన, కలిసి వాదించిన శాస్త్రం, కలిసి ఎదుర్కొన్న సభలు. తిరుపతిశాస్త్రిగారు వెళ్ళిపోయినా ఆయన ఇచ్చినది వేంకటశాస్త్రిగారి వాక్కులో మిగిలే ఉంది. ఆ ఉన్నదానిని ఉన్నదని ఒప్పుకోవడమే సత్యం. నాదంటూ విడదీసి చూపడమే ఇక్కడ అసత్యమయ్యేది.

మన ప్రాంతంలోనే దీనికి ప్రాచీనమైన ఉపమానం ఉంది. అద్దంకిలో, 14వ శతాబ్దంలో, ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవిగా ఎఱ్ఱాప్రగడ ఉండేవాడు. 11వ శతాబ్దంలో నన్నయభట్టు అరణ్యపర్వం మధ్యలో విడిచిన భారతాన్ని ఆయన పూరించాడు. తన ప్రభువు పేరు పెట్టుకోక, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరుతోనే ఆ భాగాన్ని నడిపాడు. నన్నయ శైలితో ఆరంభించి, క్రమంగా తిక్కన శైలిలోకి కథను చేర్చాడు. ఎఱ్ఱన తాను ఎన్నడూ చూడని పూర్వకవికి చేసిన సేవను, వేంకటశాస్త్రిగారు తన ప్రాణసఖునికి చేశారు.

అయితే దుఃఖం చేతిలోని శక్తిని హరించడం దోషమా? కాదు. మౌసల పర్వాన్ని స్మరించండి. శ్రీకృష్ణ నిర్యాణానంతరం ద్వారకా స్త్రీలను వెంటబెట్టుకొని వస్తున్న అర్జునుని దొంగలు అడ్డగించారు. గాండీవం ఎక్కుపెట్టడమే ఆయనకు కష్టమైంది. అక్షయమైన బాణాలు క్షయమైనాయి. నరనారాయణులలో నారాయణుడు లేని నరుని స్థితి అది. అర్జునుడు వ్యాసుని ఆశ్రయిస్తే, ఆ అస్త్రాల పని పూర్తయినదని, అది కాలధర్మమని మహర్షి ఓదార్చాడు. పాండవులు పరీక్షిత్తునకు రాజ్యం అప్పగించి బయలుదేరారు.

ఇందులో గ్రహించవలసిన వివేకం ఒకటి ఉంది. సహచరునితోపాటే ముగిసే పనులు కొన్ని. అతడు పోయినా ముగియని పనులు కొన్ని. గాండీవం పని ముగిసింది. దానిని దింపడమే ధర్మం. ప్రజాపాలన ముగియలేదు. దానిని తరువాతి తరానికి అందించడమే ధర్మం. అవధాన వేదికపై ఇద్దరు కూర్చొన్న వైభవం తిరిగి రాదని వేంకటశాస్త్రిగారికి తెలుసు. కాని తెలుగు పద్యం పని ముగియలేదనీ తెలుసు. అందుకే వ్రాశారు. విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతంగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు ఆయన శిష్యులే. వారిలో పింగళి, కాటూరి మరల ఒక కవుల జంటగా రూపొందడం ఆ గురువు జీవితానికి తగిన ఫలం. 'కథలు-గాథలు' అనే వచన రచనలో వేంకటశాస్త్రిగారు తమ సఖుని స్మృతులనూ లోకానికి పంచిపెట్టారు. 1949లో మదరాసు ప్రభుత్వం వారిని ఆస్థానకవిగా గౌరవించింది. 1950 ఫిబ్రవరిలో, మహాశివరాత్రి పర్వదినాన వారు శివసాయుజ్యం పొందారు.

భక్తులారా! సముద్రం ఒడ్డున బ్రతికే మనకు, జంటలో ఒకరు మిగలడం అంటే ఏమిటో మరొకరు చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన కృష్ణా ముఖద్వారపు పల్లెలను ముంచినప్పుడు, కలిసి వల వేసిన ఇద్దరిలో ఒక్కరే మిగిలిన ఇళ్ళు ఎన్నో. కలిసి భజనమండలి స్థాపించినవారిలో, కలిసి ఆలయ మంటపం తలపెట్టినవారిలో, ఒకరు ముందుగా వెళ్ళడం ప్రతి ఊరిలోనూ జరుగుతుంది. అప్పుడు కొంతకాలం చేయి ఆడకపోతే అది అధర్మం కాదు. ఏడవండి. తర్పణం విడవండి. తరువాత ఆలోచించండి: ఆ పని ముగిసినదా, మిగిలి ఉన్నదా? మిగిలి ఉంటే మరల చేపట్టండి. పూర్తయిన నాడు శిలాఫలకం మీద వెళ్ళిపోయినవారి పేరును మీ పేరు కంటె ముందుగా చెక్కించండి. తిలోదకంతో తీరని సఖ్య ఋణం అట్టి కర్మతోనే తీరుతుంది.

స్వస్తి.