ప్రణాళికకు పాఠాంతరాలు: విశాఖ ఉక్కు డ్రాయింగుల నుంచి క్లౌడ్ నమూనా వరకు

1. ఉపోద్ఘాతం:

విశాఖ ఉక్కు కర్మాగార చరిత్ర తెలుగులో ప్రధానంగా ఉద్యమ చరిత్రగా నమోదైంది. 1966 నాటి ఆందోళనకు ఆ స్థానం సముచితమే. అయితే కర్మాగారాన్ని ముందుగా కాగితంపై గీసింది ఎవరు, దూరదూరాన ఉన్న బృందాలు ఒకే ప్రణాళికను ఎలా పంచుకున్నాయి అనే ప్రశ్నలు మరుగున పడ్డాయి. నేడు ఆ సమన్వయం క్లౌడ్ ఆధారిత రూపకల్పన సాఫ్ట్‌వేర్ ద్వారా జరుగుతున్నది. ఈ మార్పు ఏ సమస్యను తీర్చింది, దేనిని మిగిల్చింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

2. గీసే చేయి - చేసే చేయి:

నెల్లూరు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఉదయగిరి చెక్క చెంచాలకు ప్రసిద్ధి. అక్కడ పనివాని మనసులోని ఆకృతికీ చేతిలోని పనిముట్టుకూ మధ్య మరొకరుండరు. కొలత మారితే చేయి వెంటనే సర్దుకుంటుంది. భారీ కర్మాగారంలో గీసే చేయి వేరు, చేసే చేయి వేరు. ఆ రెంటినీ కలిపేది డ్రాయింగు ఒక్కటే.

3. విశాఖ అనుభవం:

1971 జనవరి 20న శంకుస్థాపన జరిగింది. కలకత్తాకు చెందిన ఎం.ఎన్. దస్తూర్ సంస్థ 1977లో సవివర నివేదికను సమర్పించింది. 1979 జూన్ 12న సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరింది. 1980 నవంబరులో నివేదిక సవరణకు లోనయింది. కోక్ ఓవెన్లు, బ్లాస్ట్ ఫర్నేస్, సింటర్ ప్లాంటులకు వర్కింగ్ డ్రాయింగుల తయారీకి 1981 ఫిబ్రవరిలో సోవియట్ పక్షంతో మరో ఒప్పందం జరిగింది. 1982 జనవరిలో బ్లాస్ట్ ఫర్నేస్ పునాదికి కాంక్రీటు పోశారు. అంటే రూపకల్పన కలకత్తాలోనూ సోవియట్ దేశంలోనూ, నిర్మాణం విశాఖలోనూ సాగాయి.

కాగితపు డ్రాయింగుల పద్ధతిలో ప్రతి ప్రతికీ రివిజన్ సంఖ్య, తేదీ, సంతకం ఉంటాయి. మార్పు జరిగినప్పుడల్లా కొత్త ప్రతి పంపి పాతది వెనక్కి తీసుకోవాలి. పాత ప్రతి ఒక్కటి నిర్మాణ స్థలంలో మిగిలినా పునాదిలోని బోల్టుకూ పైకి వచ్చే యంత్రానికీ పొంతన కుదరదు. 1981 చివరి త్రైమాసిక ధరల ప్రకారం సుమారు 3,897 కోట్ల రూపాయలుగా వేసిన అంచనా 1992 నాటికి సుమారు 8,529 కోట్లకు చేరింది. ఈ పెరుగుదలను డ్రాయింగులకు అంటగట్టడం సరికాదు. నిధుల కొరత, కాలయాపన ఇందులో ప్రధానాంశాలు. అయితే 1986లో ప్రాజెక్టు పరిధిని కుదించినప్పుడు ఆ నిర్ణయం డ్రాయింగుల ద్వారానే అన్ని విభాగాలకూ చేరవలసి వచ్చిందన్నది గమనార్హం.

4. క్లౌడ్ పద్ధతి:

1982 డిసెంబరులో ఆటోకాడ్ విడుదలైంది. గీతబల్ల స్థానంలోకి కంప్యూటరు వచ్చినా ఫైళ్ల ప్రతులు పెరుగుతూనే వచ్చాయి. క్లౌడ్ పద్ధతిలో నమూనా ఒకేచోట ఉంటుంది, బృందాలే దాని దగ్గరకు వస్తాయి. సివిల్ బృందం ఒక స్తంభాన్ని జరిపితే అది పైపులైనును ఎక్కడ ఢీకొంటుందో పునాది తవ్వకముందే తెలుస్తుంది. 2018లో వెలువడిన ఐఎస్ఓ 19650 ప్రమాణం సమాచారానికి నాలుగు దశలను నిర్దేశించింది: తయారీలో ఉన్నది, పంచుకున్నది, ఆమోదంతో వెలువడినది, భద్రపరచినది.

5. ముగింపు:

సాహిత్య పరిశోధకులకు ఇది కొత్త సమస్య కాదు. సి.పి. బ్రౌన్ పండితులచేత తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠ నిర్ణయం చేయించాడు. రివిజన్లు కర్మాగార ప్రణాళికకు పాఠాంతరాలు. ఏది తాజా పాఠమన్న ప్రశ్నకు క్లౌడ్ సమాధానమిస్తుంది. ఏది ఆమోదయోగ్యమో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న మాత్రం విశాఖలో ఉన్నట్టే నేడూ ఉన్నది. పైగా, పాత కాగితం మీద సంతకమైనా మిగిలేది. నాలుగో దశను నిర్లక్ష్యం చేస్తే తుది నమూనా మిగిలి, దానికి దారితీసిన చర్చ చెరిగిపోతుంది. కాబట్టి పారిశ్రామిక చరిత్ర రాసేవారు ఉద్యమ పత్రాలతోపాటు డ్రాయింగుల పాఠాంతరాలనూ ఆధారాలుగా స్వీకరించి, వాటి పరిరక్షణను కోరవలసి ఉన్నది.