చర్చి మెట్లపై తీసిన చిత్రములు

మన తెలుగు క్రైస్తవ కుటుంబముల యిండ్లలో, చింతామణిలో గాని, కోలారు గనులలో గాని, బెంగళూరులో గాని, ముందు గదిలో ఒక పెండ్లి చిత్రము తప్పక వ్రేలాడుచుండును. అందు వరుడు కోటు ధరించి నిలుచుండును. వధువు తెల్లని చీరపై మేలిముసుగు వైచుకొని, చేత పూలగుత్తి పట్టుకొని యుండును. ఇరుప్రక్కల బంధువులు, ముందు వరుసలో నేలపై పిల్లలు. వీరందఱు ఎక్కడ నిలిచియున్నారో ఎప్పుడైనను గమనించితిరా? చర్చి మెట్లపై. వారి వెనుక ద్వారము తెఱచియే యుండును. ఆ ద్వారములో కనబడునది చీకటి మాత్రమే. ప్రమాణములు చేసినది ఆ చీకటిలో, ఉంగరములు మార్చుకొన్నది ఆ చీకటిలో. చిత్రమునకు మిగిలినవి మెట్లు.

నేను క్రైస్తవుడను కాను. మాది మురుగమల్ల. మా యూరికి పేరు వచ్చినది దర్గా వలనను, ముక్తీశ్వరాలయము వలనను. ఇంటిలో తెలుగు, కచేరిలో కన్నడము, దర్గా ముంగిట ఉర్దూ వినుచు పెరిగినవారము. కైవార నారాయణప్పగారు తెలుగునందును, కన్నడమునందును పాడిన సీమ యిది. చింతామణిలో నాతో ఒకే బెంచీమీద కూర్చుండి చదివిన మిత్రుని వలన చర్చి పెండ్లిండ్లకు పోవుట నాకు అలవాటయ్యెను. మెడలో ఒక కెమెరా కూడ నుండుటచే, లోపల జరుగు తంతును బయట ఎందులకు చిత్రింతురన్న ప్రశ్న నన్ను చాలకాలము విడువలేదు.

లోపల ఫోటో తీయుట అమర్యాదయని అయ్యగారలు నిషేధించిరనియే పెద్దలు చెప్పుదురు. అందు కొంత నిజము లేకపోలేదు. కాని నిషేధింపవలసిన అవసరమే చాలకాలము రాలేదు. అసలు కారణము వెలుతురు.

ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడియైనది 1839లో. 1856లో చెన్నపురి ప్రభుత్వము లీనియస్ ట్రైప్ అను సైనికోద్యోగిని తన ఛాయాచిత్రకారునిగా నియమించెను. అతడు 1858లో మధురలోను, తంజావూరులోను ఆలయములను చిత్రించెను. మంటపములోని మసక వెలుతురులో కెమెరా కన్ను ఎంతసేపు తెఱచియుంచినను రాతి స్తంభమునకు విసుగు లేదు. పెండ్లికుమార్తె అట్లు నిలువలేదు. పసిబిడ్డకు బాప్తిస్మమిచ్చు అయ్యగారి చేయి అట్లు ఆగదు. కనుక నాటి చిత్రములలో కట్టడములే నిలిచినవి, వాటిలో తిరిగిన మనుష్యులు పొగవలె చెదరిపోయిరి.

ఇంకొక చిక్కు గలదు. దానిని మనవారిలో పలువు రెఱుగరు. తొలినాటి ప్లేట్లు నీలమును, ఊదారంగును మాత్రమే చక్కగా చూడగలిగినవి. 1873లో జర్మను శాస్త్రజ్ఞుడు ఫోగెల్ అద్దకపు రంగులు కలిపి పచ్చని కాంతిని గూడ చూపించెను. ఎఱుపును చూడగల ప్లేట్లు బజారునకు వచ్చినది 1906 ప్రాంతమున. మన ఊరి స్టూడియోలలో ఎఱ్ఱదీపము క్రింద ప్లేటు కడుగుట పాతవారు చూచియే యుందురు. ఎఱ్ఱని కాంతి దానికి తగలదు గనుకనే ఆ దీపము పెట్టెడివారు. ఇక క్రొవ్వొత్తి వెలుతురు ఎట్టిది? దాదాపు ఎఱుపే. బలిపీఠముపై ఎన్ని క్రొవ్వొత్తులు వెలిగించినను, వత్తి కొనమీది జ్వాల తెల్లని చుక్కగా పడునే గాని, దాని వెలుగులో మెఱయుచున్న ముఖము ఆ ప్లేటునకు లేనట్లే. క్రిస్మసు నాటి రాత్రి ఆరాధన చిత్రములు పాతకాలపు ఆల్బములలో కానరాకుండుట అందుచేతనే.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘములో ఆ పదవి నందిన తొలి భారతీయుడు వారే. మన తెలుగు దేశమందలి దోర్నకల్లునకు వచ్చి, ఆ సంఘమును నడపిరి. అంతటి ఘట్టమైనను, శీతకాలమున కథీడ్రలు లోపలి వెలుతురులో తలపై చేతులుంచిన ఆ క్షణమును నాటి ప్లేటుపై పట్టుట ఎంత దుర్ఘటమో ఊహించుకొనవచ్చును.

వెలుతురు లేనిచోట వెలుతురు తెచ్చుటకు మనుష్యుడు ఊరకుండలేదు. మెగ్నీషియము తీగను కాల్చి ఫోటోలు తీయుట 1864లోనే మొదలయ్యెను. 1887లో జర్మనులు మెగ్నీషియము పొడిని మఱికొన్ని రసాయనములతో కలిపి మెఱుపుమందు తయారుచేసిరి. పళ్ళెములో పోసి నిప్పంటించినచో ఢాంమని మ్రోగి, తెల్లని పొగ పైకప్పు నంటి, పిదప బూడిద వధువు ముసుగుపై రాలును! అయ్యగారు దీనికి ఒప్పుకొనకుండుటలో వింత యేమి? 1929లో జర్మనీలో గాజుబుడ్డిలో కాలు మెఱుపు బల్బు వచ్చి పొగను తప్పించెను. అయినను బల్బు బల్బునకు వెల పెట్టవలెను గనుక, సామాన్య కుటుంబములకు మెట్లపై ఎండయే గతి. ఎండకు వెల లేదు.

ఇంతలో మన సీమకు విద్యుత్తు వచ్చెను. ఇందులో మనకు కొంత గర్వకారణము గలదు. కావేరిపై శివనసముద్రమున పుట్టిన విద్యుత్తు 1902లో మొదట చేరినది బెంగళూరునకు కాదు, కోలారు బంగారు గనులకు. బెంగళూరు వీధులలో దీపములు వెలిగినది 1905లో. ఆ గనులు 2001లో మూతబడినవి. తెలుగువారును, తమిళులును వేలకొలది శ్రమించిన ఆ గనుల పేటలలో దేవాలయము, మసీదు, చర్చి ప్రక్కప్రక్కనే యుండెడివి. పల్లెలకు దీపము వచ్చుటకు మాత్రము దశాబ్దములు పట్టెను.

దీపము వచ్చిన తరువాత కష్టము తీరవలసినది. క్రొత్త కష్టము మొదలయ్యెను. కిటికీలోనుండి పగటి వెలుతురు, పైనుండి బల్బు, బలిపీఠముపై ట్యూబులైటు, దాని క్రింద క్రొవ్వొత్తులు. ఈ నాలుగును మన కంటికి తెలుపే. కన్ను తెలివిగలది, తన లెక్క తాను సర్దుకొనును. ఫిలిమునకు ఆ తెలివి లేదు. కాంతి రంగును కెల్విను అను మానముతో కొలుతురు. క్రొవ్వొత్తి 1900 ప్రాంతము, ఇంటి బల్బు 2800 ప్రాంతము, మధ్యాహ్నపు ఎండ 5500, నీడవైపు కిటికీలో దిగు ఆకాశపు కాంతి 7000 దాటును. సంఖ్య తక్కువైనచో పసుపు, ఎక్కువైనచో నీలము. ట్యూబులైటు ఈ వరుసలో ఇమడదు. దానిలోని పాదరసము ఫిలిముపై పచ్చదనము పూయును. ఎండకు సరిపడు ఫిలిము వేఱు, బల్బునకు సరిపడు ఫిలిము వేఱు. రెండును కలిసినచోట ఏ ఫిలిము వేసినను ఒక ప్రక్క అబద్ధమే చెప్పును. నలుపు తెలుపుల కాలములో ఈ తగవు లేదు. ఎక్కువ తక్కువలే గాని రంగు లేదు గదా.

ఈ తగవు ఎంత ఘనముగా నుండునో చూడగోరువారు మెదకు పోవలెను. 1914 ప్రాంతపు కఱవులో పేదలకు పని కల్పించుచు చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతగురువు కట్టించిన ఆ కథీడ్రలు 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమయ్యెను. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురము 175 అడుగులు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రించిన మూడు రంగుటద్దముల కిటికీలు ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. సూర్యకాంతి వెనుకనుండి పడినపుడే అవి కనబడును. ప్రొద్దు క్రుంకినచో లోపలివారికి నల్లని గోడయే. చూచుటకు వచ్చినవానికి ఆ రంగులే వైభవము. పెండ్లి ఫోటో తీయవచ్చినవానికి అవియే ప్రాణసంకటము. కిటికీ అందము దక్కవలెనన్న ముఖములు నల్లబడును, ముఖములు దక్కవలెనన్న కిటికీ తెల్లని కాగితమగును. ఫ్లాషు వేసినచో రెండును పోయి, సభ్యులందఱు పోలీసుఠాణాలో నిలువబెట్టినట్లు కానవత్తురు.

నా మిత్రుని చెల్లెలి పెండ్లి 1984లో మా సీమలోని ఒక చిన్న చర్చిలో జరిగెను. నాటికి రంగు ఫిలిము మా యూళ్ళకు వచ్చి, నలుపు తెలుపు ఫోటోలు పాతబడిపోయినవి. ప్రమాణముల సమయమున ఫ్లాషు వేయరాదని అయ్యగారు ముందే చెప్పిరి. స్టూడియో ఫోటోగ్రాఫరు ఉన్న వెలుతురుతోనే నాలుగు చిత్రములు తీసెను. ఫోటోలు కడిగి తెచ్చినపుడు ఇల్లంతయు మౌనము వహించెను. వధువు తెల్లచీర కిటికీ ప్రక్క నీలము, బల్బు ప్రక్క పసుపు. నడుమ కుట్టు వేసినట్లు ఒక గీత. తెలుపు ఏ రంగునైనను దాచజాలదు. పట్టుచీర యైనచో ఎవరికిని తెలిసెడిది కాదేమో. అంతకన్న బాధ కలిగించినది వేఱు. స్తంభము ప్రక్క ట్యూబులైటు క్రింద నిలిచిన వారి తల్లిగారి ముఖము పాచిపట్టిన రాయివలె పచ్చగా వచ్చెను. ఆమె కండ్లు తుడుచుకొని, అప్పుడే తలయెత్తి కూతురి చేతిని చూచుచుండెను. ఆ చిత్రమును ఆల్బములో అతికింపలేదు. ఫోటోగ్రాఫరును తిట్టినవారు తిట్టిరి. అతని తప్పేమియు లేదని నేను నాడే చెప్పితిని గాని, పెండ్లివారి యింట అట్టి మాట వినువా రెవరు?

ఎనిమిది నెలలకు ఆ తల్లి గతించిరి. మెట్లపై తీసిన గుంపు చిత్రములో ఆమె యున్నారు, నిజమే. కాని ఎండ కంటబడి కండ్లు చిట్లించియున్నారు.

నెగటివులు మాత్రము ఒక బిస్కట్ల డబ్బాలో మిగిలినవి. కొన్నేండ్ల క్రిందట మిత్రుడు వాటిని తెచ్చి నా ముందుంచెను. రంగు నెగటివులో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము చూచు మూడు పొరలుండును. స్కాను చేసినపుడు ఈ మూడింటిని విడదీసి చూడవచ్చును. ట్యూబులైటు పచ్చదనమే ఆ ముఖమును చెఱచినది. అదే పచ్చదనము ఆకుపచ్చ పొరపై ఆమె ముఖమును నిండుగ వ్రాసియుంచినది. మిగిలిన రెండు పొరలు విడిచి, ఆ ఒక్క పొరతో నలుపు తెలుపు చిత్రము చేసితిని. చీరపై గీత పోయెను. తెరపై చెంపమీది తడి వఱకు కానవచ్చెను. మిత్రుడు చాలసేపు పలుకలేదు. పిదప “మా అమ్మ మొగం వచ్చిందిరా” అని మాత్రము అనెను.

నేడు కెమెరాలు మాఱినవి. చీకటిలోను చూడగలవు. ఏ వెలుతురును తెలుపుగా నెంచవలెనో తీసిన తరువాత గూడ మార్చుకొనవచ్చును. అయినను ఒక చిత్రములో రెండు తెలుపులున్నచో యంత్రము ఒక్కదానినే సరిచేయును. కనుక పెండ్లికి ముందురోజే చర్చికి పోయి, ఏ వెలుతురు రాజ్యమేలవలెనో నిర్ణయించుకొనుట మేలు. పగటి పెండ్లియైనచో కిటికీని నమ్ముకొని, బలిపీఠముపై ట్యూబులైట్లు ఆర్పింపుమని అయ్యగారిని వినయముతో అడుగవచ్చును, పెక్కురు కాదనరు. సాయంకాలమైనచో బల్బులనే నమ్మి, ఫ్లాషు తప్పనిసరియైన గుంపు చిత్రములకు దాని ముఖమున నారింజరంగు పలుచని రేకు కట్టినచో రెండు వెలుతురులు ఒక్కటియగును. వధువు నిలుచు చోటనే ఒక తెల్లకాగితము పట్టి తెలుపు కొలుచుకొనవలెను, మన మున్నచోట కాదు. మన దేశపు విద్యుత్తు క్షణమునకు 50 మార్లు ఊగును గనుక ట్యూబులైటు 100 మార్లు మినుకుమినుకుమనును. కెమెరా కన్ను క్షణములో 100వ వంతుకన్న వేగముగ మూసినచో చిత్రముపై చారలు పడవచ్చును. ఇటీవల వేదికలపై అమర్చు ఊదారంగు ఎల్‌ఈడీ దీపముల విషయమున నాయొద్ద మందు లేదు. వాటి వెలుగులో ఒకే రంగు తప్ప లేదు. లేని రంగును ఏ యంత్రమును తేలేదు. అప్పుడు నలుపు తెలుపే శరణ్యము.

ప్రభు సంస్కారము జరుగునపుడు మాత్రము కెమెరా దింపివేయుదును. ఎవరును చెప్పలేదు, ఆ నిశ్శబ్దములో చిన్న టిక్కుమను ధ్వని కూడ దూరము వినబడును.

మిత్రుని యింట ఇప్పుడు గోడమీద రెండు చిత్రములున్నవి. ఒకటి మెట్లపై తీసినది, రంగులది, ఎండకు కొంత వెలిసినది. దాని ప్రక్కన నలుపు తెలుపుది. క్రొత్తగా వచ్చినవారు రెండవదే పాతదనుకొని, “ఇది ఎవరి పెండ్లి?” అని యడుగుదురు. చెల్లెలు నవ్వి, స్తంభము ప్రక్కకు వ్రేలు చూపి, మొదట తల్లిని పరిచయము చేయును.